చెరి సగం తువ్వాల

సుబేదారి, హన్మకొండ
మార్చి మొదటి వారం

అనీస్,

ఈ వంకర అక్షరాలు చూసి ఎవరో బడిపిల్లవాడు రాశాడనుకోకు. మహిపాల్‌నే. మొన్న కట్టు విప్పారు. లోపలినుంచి బయటపడ్డది నా చెయ్యి కాదు, ఎవరిదో ఎండిన చెయ్యి. ఇన్నేళ్లు పత్రికల్లో దొరల మీద, బాబాల మీద, కాంట్రాక్టర్ల మీద విరుచుకుపడ్డ చెయ్యి చాయ్ గ్లాసు ఎత్తలేకపోయింది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఇక్కడ ఫిజియోథెరపీ చేయించే దీప అనే అమ్మాయి రోజూ ఒక పేజీ పెన్నుతో రాయాలని హుకుం వేసింది. ఏం రాయాలమ్మా అంటే, "ఏమన్న రాయుండ్రి సార్, ఎవల్నన్న తిట్టుండ్రి" అన్నది. తిట్టడానికి నీకన్నా దగ్గరివాళ్లు నాకెవరున్నారు? పైగా ఒకే స్కూటర్ మీది నుంచి పడి, ఇద్దరం కుడి మణికట్టే విరగ్గొట్టుకున్నాం. వారానికి మూడుసార్లు మరిపెడ నుంచి హన్మకొండ రాలేనని నువ్వు ఖరాఖండిగా చెప్పావు. కాబట్టి ఇక్కడ నేర్చుకున్నవి రాస్తాను, నువ్వు చేసి ఎలా ఉందో రాయి.

మెత్తటి బంతి పిసకాలి. తర్వాత ముంజేయిని టేబుల్ మీద ఆనించి, మణికట్టు అంచు దాటి వేలాడేలా పెట్టి, నీళ్ల సీసా పట్టుకుని పైకీ కిందికీ ఆడించాలి. అరచేయి పైకి పెట్టి కొంతసేపు, బోర్లించి కొంతసేపు. బోర్లిస్తే ప్రాణం పోతుంది, ముందే చెబుతున్నా. సుత్తిని పిడి కొసన పట్టుకుని తాళం తిప్పినట్టు ముంజేతిని అటూ ఇటూ తిప్పేది ఒకటి. చివరిది తడి తువ్వాల పిండడం.

తువ్వాల అనగానే నర్సయ్య ఇచ్చిన సగం ముక్క వెతికి తీశాను. నీ దగ్గర మిగతా సగం ఉందా? జనగామ సభ నుంచి వస్తుంటే రఘునాథపల్లి దగ్గర బోర్డు పెట్టకుండా, దీపం పెట్టకుండా నడిరోడ్డు దాకా కంకర పోసిపెట్టిన ఆ కాంట్రాక్టర్‌ని నేను క్షమించను. మిరప చేనులోంచి ఉరికొచ్చిన ఆ నర్సయ్య తన భుజం మీది తువ్వాలను నిట్టనిలువునా చింపి ఇద్దరి చేతులూ మెడలకు కట్టాడు చూడు, ఆ ముక్కనే పిండుతున్నాను. కృతజ్ఞత అనుకోకు. ఆ గుణం మీద నా అభిప్రాయం నీకు తెలుసు. చేతికి అందింది, అంతే.

మహిపాల్


మరిపెడ
మార్చి

మహిపాలన్నా,

ఉత్తరం అందింది. చదవడానికి కొంచెం కష్టపడ్డాను గానీ ఉత్తరమే మంచిది. ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. ఇక్కడ నా పేజీ నాకుంటుంది.

కాంట్రాక్టర్ని తిట్టు, తప్పులేదు. కానీ బండి నడిపింది నేను. వెనక కూర్చొని రెండు చేతులూ గాల్లో ఊపుకుంటూ వాదించింది నువ్వు. నీ వాదన ఎటు ఒరిగితే బండి అటు ఒరిగింది. ఇది కూడా ఎక్కడన్నా రాయి.

సీసా బాగుంది. సుత్తి మాత్రం మోయలేకపోయాను. దాని బదులు పప్పు గంటె పట్టుకున్నాను. బలం వచ్చిన కొద్దీ చెయ్యిని పిడి కొస వైపు జరుపుతున్నాను. తూకం మార్చకుండానే బరువు పెరుగుతుంది, మీ దీపను అడుగు. బియ్యం డబ్బాలో చెయ్యి ముంచి లోపలే వేళ్లు మూసి తెరవడం నేనే కనిపెట్టాను. నొప్పి తక్కువ, పని ఎక్కువ.

నీ బంతితో నాకు పేచీ ఉంది. బంతి పిసికితే మూసే బలమే వస్తుంది. కత్తెరకు తెరిచే బలం కూడా కావాలి. అందుకని జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండు అయిదు వేళ్లకూ తొడిగి విప్పుతున్నాను. నీకు ఫికర్ లేదు, నినాదాలకు పిడికిలి ఒక్కటి చాలు.

నాకు ఫికరే. ఏప్రిల్ చివర్లో బడిపిల్లల యూనిఫాం బట్ట వస్తుంది. మా కుట్టుపని సంఘంలో పన్నెండు మంది మిషన్ల మీద కూర్చుంటారు. కట్ చేసేదాన్ని నేనొక్కదాన్నే. నేను కట్ చేయలేకపోతే బళ్లు తెరిచేలోపు పని కాదు. పని కాదని తెలిస్తే బట్ట వేరే ఊరి సంఘానికి పోతుంది. వీళ్లకు ఏడాది మొత్తంలో పెద్ద పని అదొక్కటే.

తువ్వాల సగం నా దగ్గరే ఉంది. నర్సయ్య ఆటోలో మన ఇద్దరి మధ్య కూర్చుని, గుంతలు వచ్చినప్పుడల్లా మన మోచేతులు ఎత్తి పట్టుకున్నాడు. దవాఖాన దాకా వచ్చి, బస్సులో తిరిగిపోయాడు. దారి పొడుగునా నువ్వు ఆయనకు రోడ్డు కాంట్రాక్టుల మీద ఉపన్యాసం ఇచ్చావు. ఇద్దరం ఒక్క మంచి మాట అనలేదు. నొప్పి అని నేను సర్దిచెప్పుకున్నాను. నీకు సిద్ధాంతం ఉండె.

అనీస్ బేగం


సుబేదారి
మార్చి నెలాఖరు

అనీస్,

సిద్ధాంతమే. నువ్వు వెక్కిరించినా మారదు. మన ఊళ్లలో థ్యాంక్స్ అనే మాట రాకముందు బాంచెన్, నీ కాల్మొక్త అనే మాట ఉండేది. ఇచ్చిన కూలి గింజలకు వంగి దండం పెట్టలేదని మా నాయనను దొర గడి ముందు నిలబెట్టారు. కృతజ్ఞత అంటే పైన ఉన్నవాడు కింద ఉన్నవాడి మెడ వంచడానికి కనిపెట్టిన కసరత్తు అని నేను రాసినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నువ్వూ ఉన్నావు.

అది పక్కన పెట్టు. ఒక అవమానం జరిగింది. దీప తువ్వాల పిండించి చూసి, "ఇంట్ల బట్టలు ఎప్పుడన్న పిండిండ్రా సార్?" అని అడిగింది. పక్క నుంచి మీ వదిన పద్మలత నవ్వింది. ఆ నవ్వు ఇంకా ఆగలేదు. ఇంటిపని మీద ఎన్ని వ్యాసాలు రాశానో నీకు తెలుసు. తడి బట్టను ఏ చేత్తో పట్టి ఏ చేత్తో తిప్పాలో నాకు తెలియలేదు. నీళ్లన్నీ నా కాళ్ల మీదే పడ్డాయి.

కోపం వచ్చింది, దీప మీద కాదు. చూడు, పిండడం, పిండి పిసకడం, డబ్బా మూత తిప్పడం, రోటిలో నూరడం, ఇవే కదా ఆమె చేయించేవి? ఆడవాళ్లు ఊరికే చేసేదాన్ని మాలాంటి వాళ్లకు కసరత్తు అని పేరు పెట్టి చేయిస్తున్నారు. ప్రతి ఇల్లూ జీతం లేని వ్యాయామశాల అని ఒక వ్యాసం తలలో తయారుగా ఉంది.

తలలోనే ఉంది. ఎడిటర్ ఫోన్ చేసి, మీరు చెప్పండి సార్, మా వాళ్లు టైప్ చేసుకుంటారు అన్నాడు. కుదరదన్నాను. నా వాక్యం నా మణికట్టులోంచి రావాలి. ఇంకొకరి చేతిలోంచి వచ్చేది నా వాక్యం కాదు. చెయ్యి వచ్చేదాకా నా కాలమ్ ఉండదు. ఉండకపోతే ఈ రాష్ట్రంలో కొందరు హాయిగా నిద్రపోతారు, పోనీ.

రబ్బరు బ్యాండు వేసి చూశాను. పిడికిలి బిగించడం సులువే, విప్పడానికే చెమటలు పట్టాయి. ఒప్పుకుంటున్నాను. నీ చెయ్యి ఎలా ఉంది? బొత్తాలు పెట్టుకుంటున్నావా? నాకు ఇప్పటికీ పద్మలతే పెడుతున్నది.

మహిపాల్


మరిపెడ
ఏప్రిల్

మహిపాలన్నా,

ఆ వ్యాసం దయచేసి రాయకు. తప్పు.

కసరత్తుకూ పనికీ ఒకటే తేడా. నొప్పి వస్తే కసరత్తు ఆపొచ్చు. దీప నీకు "నొస్తె ఆపుండ్రి" అని చెప్పిందా లేదా? దుప్పటి పిండే మనిషికి ఆ మాట ఎవరు చెబుతారు? సగం పిండి ఆపితే దుప్పటి ఊరుకోదు. కసరత్తులో బరువు నీ మాట వింటుంది, పనిలో నువ్వు బరువు మాట వినాలి. చిన్నప్పటి నుంచీ పిండిన చేతులకు బలం రాలేదు అన్నా, అరుగుదల వచ్చింది. మా సంఘంలో ఎవరి మణికట్టయినా చూడు. ఇంటిపనిని వ్యాయామం అన్నావంటే రేపు ఎవడో ఒకడు, అదే మంచిది కదా, చేసుకోండి అంటాడు. వాడికి ఆ మాట నువ్వే ఇచ్చినట్టు అవుతుంది.

నీ కాలమ్ సంగతి నీ ఇష్టం. నాకు అర్థమవుతుంది. మా అబ్బాజాన్ ఇదే మరిపెడలో నలభై ఏళ్లు బట్టలు కుట్టాడు. కత్తెర ఇంకొకరి చేతికి ఇస్తే ధార పాడవుతుందనేవాడు. ఒక్కో చెయ్యి ఒక్కో వాటంగా నొక్కుతుంది, రెండు తీర్ల ఒత్తిడి పడితే అంచు పోతుందని. పండక్కి కూడా ఎవరికీ అరువు ఇవ్వలేదు. ఆయన కత్తెరే నేను వాడుతున్నాను. ఇన్నేళ్లుగా ఇంకొకరు ముట్టలేదు. మా సంఘంలో యాకమ్మకు చేతిలో పనితనం ఉంది, నా పక్కనే కూర్చుని గీతలు గీస్తుంది, అయినా ఇవ్వలేదు.

బట్ట వచ్చేసింది. నీలం, తెలుపు థాన్లు గోడ పొడుగునా పేర్చాం. నా చెయ్యి బాగానే ఉంది. కసరత్తులన్నీ చేస్తున్నాను. ఫికర్ చేయకు.

అనీస్


సుబేదారి
మే మొదటి వారం

అనీస్,

బాగానే ఉందా? ఏది బాగుంది?

యాకమ్మ పద్మలతకు ఫోన్ చేసింది. "అక్క చెయ్యి బూరె లెక్క ఉబ్బింది, రాత్రంత నిద్రపోతలేదు, మీకు చెప్తె నన్ను సంపుతది" అన్నదట. ఏప్రిల్ నుంచే కత్తెర పట్టావట. పది మడతల బట్ట ఒక్కసారే కోస్తున్నావట. విరిగిన ఎముక అతికి ఎన్నాళ్లయింది? నొప్పి వస్తే ఆపొచ్చు అని నాకు పాఠం చెప్పింది ఎవరు? నీ పేజీ నీకుండాలన్నావు. ఆ పేజీ మీద అబద్ధం రాయడానికా?

దీపను అడిగాను. కత్తెర వెంటనే పక్కన పెట్టాలన్నది. వాపు తగ్గేదాకా ఐసు. తర్వాత ఖాళీ సీసాతో, బియ్యం డబ్బాతో మళ్లీ మొదటి నుంచి. ఇలాగే చేస్తే బొటనవేలి నరాలు శాశ్వతంగా మొరాయిస్తాయన్నది. అప్పుడు ఈ ఏడాది కాదు, ఏ ఏడాదీ కత్తెర లేదు.

పక్కన యాకమ్మ ఉంది. ఆమెకు రెండు చేతులున్నాయి. కత్తెర ఆమెకివ్వు. ఇనుప ముక్క మీద ఈ వారసత్వపు మమకారం ఏమిటి? సంఘం అని పేరు పెట్టుకుని, పనిముట్టు మాత్రం నీ ఒక్కదాని ఆస్తా?

మహిపాల్


మరిపెడ
మే

అన్నా,

నీ ఉత్తరం యాకమ్మ చూడకుండా చదివి దాచాను. నువ్వు చెప్పినవన్నీ నిజమే. అందుకే కోపం వచ్చింది.

ఒక్కటి అడుగుతాను. ఇన్ని నెలలుగా నీ కాలమ్ లేదు. వదిన పక్కనే ఉంది. ఆమెకూ రెండు చేతులున్నాయి, తెలుగు నీకన్నా బాగా వచ్చు, కాలేజీలో చెబుతుంది. నీ వాక్యం నీ మణికట్టులోంచే రావాలా? మరి నా కత్తెర ఎవరి చేతిలోంచి అయినా రావచ్చా?

నీది సిద్ధాంతం, నాది మమకారం. బాగుంది.

చెయ్యి నొస్తున్నది. ఇంక రాయలేను.

అనీస్


సుబేదారి
మే మూడో వారం

అనీస్,

నీ ఉత్తరానికి జవాబుగా రోజుకొక పేజీ చొప్పున మూడు పేజీల వాదన రాశాను. చదువుకుని చూస్తే అందులో ఒక్కటీ జవాబు కాదు. చింపేశాను. ఈసారి వాదించను, జరిగింది చెబుతాను.

మరునాడు పొద్దున చాయ్ తాగుతూ పద్మలతతో, నేను చెబుతాను రాస్తావా అన్నాను. పెన్ను తెచ్చుకుని కూర్చుంది. రఘునాథపల్లి కంకర మీద మొదలుపెట్టాను. రెండో వాక్యానికే ఆగింది. "ఈ మాట నేను రాయ. కావాల్నంటే నీ చెయ్యి బాగైనంక నువ్వు రాసుకో" అన్నది. అది కాంట్రాక్టర్ పుట్టుక మీది మాట. కాసేపు కొట్లాడుకున్నాం. ఆ మాట పోయింది. తర్వాత ఇంకొన్ని పోయాయి. "రోడ్డు మీద కుప్ప ఎంత దూరం ఉండె? బోర్డు ఎక్కడ ఉండాలె? అది చెప్పు ముందు" అని అడిగింది. నాకు గుర్తులేదు. తిట్లు గుర్తున్నాయి గానీ రోడ్డు గుర్తులేదు. ఆమే ఫోన్లు చేసి కనుక్కున్నది.

నర్సయ్య తువ్వాల సంగతి కూడా పెట్టమన్నది. నేను వద్దన్నాను. "అది లేకుంటె ఇది ఉత్త లొల్లి" అన్నది. పెట్టాం.

ఆదివారం అచ్చయింది. కింద ఇద్దరి పేర్లూ వేయమన్నాను, వేశారు. ఎప్పుడూ నన్ను తిట్టడానికే ఫోన్ చేసే ఒక పెద్దాయన, మొదటిసారి చివరిదాకా చదివానన్నాడు. నాకు గర్వంగా లేదు అనీస్, తేలికగా ఉంది. ఇన్నాళ్లు ఈ మనిషి నా బొత్తాలు పెట్టింది, అన్నం కలిపి పెట్టింది. అవన్నీ తీసుకున్నాను. ఒక్క వాక్యం మాత్రం ఇవ్వలేదు. తీసుకోవడానికి అడ్డురాని అభిమానం ఇవ్వడానికి ఎక్కడి నుంచి అడ్డొచ్చిందో తెలియదు.

నువ్వు కత్తెర ఇవ్వు అని ఈసారి అనను. నీ చేతికి నొప్పి తగ్గిందా అని మాత్రం అడుగుతున్నాను.

నా పక్కన కూర్చుని పద్మలత నిన్ను అడిగానని రాయమంటున్నది. రాశాను.

మహిపాల్


మరిపెడ
జూన్ రెండో వారం

మహిపాలన్నా,

పేపర్ యాకమ్మతోనే చదివించుకున్నాను. తువ్వాల దగ్గర మిషన్లన్నీ ఆగాయి. అది అయిపోగానే కత్తెర తీసి ఆమె ముందు పెట్టాను. ముట్టలేదు. "నాకొద్దక్కా, మీ నాయిన కత్తెర, ధార పోతె నన్నంటవు" అన్నది. "పోతె సాన పట్టిచ్చుకుందాం, పట్టు" అన్నాను. కుడికాలి చెప్పు విడిచి మరీ పట్టుకుంది, అదేం అలవాటో.

మొదటి థాను కోస్తుంటే నేను చూడలేకపోయాను. లోపలికి పోయి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. చప్పుడు మాత్రం వినపడింది. నా చప్పుడు కాదు. నాది ఆగి ఆగి ఉంటుంది, ఆమెది ఒకటే సాగింపు. కాసేపటికి ఆ చప్పుడు కూడా బాగుందనిపించింది.

తర్వాత నేను గీతలు గీశాను, ఆమె కోసింది. చాక్‌పీసు పట్టుకోవడానికి నా చెయ్యి చాలు. బళ్లు తెరిచే ముందురోజు చివరి మూట వెళ్లిపోయింది. అల్లా దయ, ఆ తర్వాత యాకమ్మ దయ. ఈ మాట ఆమె మొహం మీదే అన్నాను. సిగ్గుపడి నన్ను తిట్టింది. వచ్చే ఏడు ఇద్దరు కోస్తారు అని సంఘంలో చెప్పేశాం.

ధార పోలేదు. అబ్బాజాన్ ఈ ఒక్క విషయంలో పొరబడ్డాడు.

దీపకు చెప్పు, వాపు పోయింది. ఒక్క మడత గుడ్డ నొప్పి లేకుండా కోస్తున్నాను. మడత మీద మడత ఎప్పటికి వస్తుందో, రాకపోయినా సరే. నేను నిజంగా కోసిన మొదటిది నీకు పార్సిల్‌లో వస్తున్నది. మొన్న నన్ను చూడడానికి వచ్చిన వదినతో నువ్వు పంపించిన తువ్వాల సగం, నా సగం, చినిగిన అంచులు సాపు చేసి కలిపి కుట్టాను. నడుమ కుట్టు తెలుస్తుంది. దాచలేదు. దాంతో పాటు ఒక కొత్త తువ్వాల కూడా ఉంది. రఘునాథపల్లి నీకే దగ్గర. ఆయనకు రెండూ ఇచ్చిరా. సిద్ధాంతం ఇంట్లో పెట్టి పో.

అనీస్


సుబేదారి
జూన్ నెలాఖరు

అనీస్,

పోయివచ్చాను. సిద్ధాంతం ఇంట్లో పెట్టలేదు, దారిలో ఎక్కడో జారిపోయింది.

చొక్కా బొత్తాలు నేనే పెట్టుకున్నాను. మెడ కింది బొత్తాం కొంచెం ఏడిపించింది. పద్మలత చూస్తూ నిలబడింది, సాయం రాలేదు. అందుకు ఆమెకు ఏం చెప్పాలో తెలియక బస్సెక్కాను.

నర్సయ్య చేనులోనే ఉన్నాడు. ఈసారి మిరప కాదు, పత్తి గింజలు పెడుతున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టలేదు. చెయ్యి చూపించాను. అప్పుడు, "ఆటోల కంకర గురించి చెప్పిన సారువు గదా" అన్నాడు. నీ వెక్కిరింత నిజమైంది. "అక్క ఎట్లున్నది? ఆమె చెయ్యి అతికిందా?" అని ముందు నిన్నే అడిగాడు.

పొట్లం ఇచ్చాను. కొత్త తువ్వాల విప్పి చూసి మడిచి గట్టు మీద పెట్టాడు. పాతది విప్పి, నడుమ కుట్టు మీద వేలు పోనిచ్చి, "ఇది నాదేనా? మంచిగ కుట్టింది" అని భుజాన వేసుకున్నాడు. దాన్ని మర్చిపోయాడట. అతను మర్చిపోయినదాన్ని మనం మూడు నెలలు రోజూ పిండుకుంటూ కూర్చున్నాం.

తర్వాత అడిగాడు, "ఆ కాంట్రాక్టర్ సంగతి ఏమన్న చేసిండ్రా సారూ?" ఆటోలో నేను వాగినదంతా విన్నాడన్నమాట. పేపర్లో రాశామన్నాను. "అవునా, అందుకే తీసిండ్రా మరి" అని ఆలోచించి, "తీసిండ్రు గని అవుతలి పక్కకు పోసిండ్రు. మల్ల రాయాలె నువ్వు" అన్నాడు. రాస్తానన్నాను. అతనితో కలిసి పోయి కుప్ప ఎంత దూరం ఉందో, బోర్డు ఎక్కడ లేదో చూసి వచ్చాను. పద్మలత అడుగుతుంది కదా.

బస్సు వచ్చే వేళయింది. ఏదో ఒకటి అనాలి. థ్యాంక్స్ అంటే నోట్లో ఇంగ్లీషు గడ్డిలా ఉంటుంది. కృతజ్ఞతలు అంటే సభలో శాలువా కప్పినట్టు ఉంటుంది. దొరల ముందు అనే ఆ ఇంకో మాట నేను జన్మలో అనను. అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. నాట్లకు పోయినచోట ఎవరు చెంబెడు నీళ్లిచ్చినా "సల్లగుండు బిడ్డా" అనేది. ఇచ్చింది ఏ కులమో, ఏ ఇల్లో చూసేది కాదు. వంగేది కాదు. నీళ్లు తాగి, తలెత్తి, మొహం చూసి అనేది. మా నాయన మెడ గడి ముందు వంచబోయారని ఇన్నేళ్లు ఆ ఒక్క సంగతే మోశాను. అదే ఇంట్లో మా అమ్మ రోజూ అన్న మాట ఒక్కసారీ గుర్తు చేసుకోలేదు.

నర్సయ్య నాకన్నా పెద్దవాడు, చిన్నవాడు పెద్దవాడిని అలా అనొచ్చో లేదో తెలియదు. అనేశాను. "నర్సయ్యా, సల్లగుండు."

అతను నవ్వి, "నువ్వు గూడ" అని చెయ్యి చాచాడు. కుడిచెయ్యి. నేను జంకాను. "జర గట్టిగ పట్టు సారూ, చూద్దాం" అన్నాడు. చెయ్యి తెరిచాను, పట్టుకున్నాను. నొప్పి లేదు. చూసి, "అతికింది" అన్నాడు.

బస్సు వచ్చి హారన్ కొడుతున్నది. ఇద్దరం ఇంకా పట్టుకునే ఉన్నాం.

మహిపాల్